ఎలుక కొరికిన రబ్బరు చెవి

మా ఇంట్లో ఏ కూర వండుతున్నామో మా లైనులో చివరి క్వార్టరు దాకా తెలిసిపోయేది. వాసన వల్ల కాదు, నా గొంతు వల్ల.

"ఇయ్యాల బీరకాయనా, చిక్కుడుకాయనా?" అని పొయ్యి దగ్గర నుంచి మా ఆయనను అడిగేదాన్ని. ఆయన గుమ్మంలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటూ "ఆఁ?" అనేవాడు. నేను గొంతు పెంచి మళ్లీ అడిగేదాన్ని. ఇంకా పెంచి ఇంకోసారి అడిగేలోపు ఎదురు లైనులోంచి ఎవరో ఒకరు, "చిక్కుడుకాయ వండు వదినె, మొన్ననే గద బీరకాయ వండినవ్!" అని జవాబు చెప్పేవాళ్లు. మా ఆయన అద్దంలోంచి నావైపు చూసి, "ఏమన్న అన్నవా?" అనేవాడు.

ఆయనది ఫ్యాను హౌజులో డ్యూటీ. గని లోపల పనిచేసేవాళ్లకు గాలి ఆడాలంటే పైన ఒక పెద్ద ఫ్యాను తిరుగుతూ ఉండాలి. ఇంట్లో తిరిగే పంకాతో దానికి పోలిక లేదు. మా క్వార్టరును దాని ముందు పెడితే కోడిగూడులా ఉండేది. అది పగలూ రాత్రీ ఆగకూడదు, దాని పక్కన షిఫ్టు పొడుగునా ఒక మనిషి కూర్చోవాలి. దాని హోరు మా లైను దాకా వచ్చేది. మాకు ఎంత అలవాటైపోయిందంటే, ఎప్పుడన్నా అది ఆగితే ఆ నిశ్శబ్దానికే ఉలిక్కిపడి అందరం వాకిళ్లలోకి వచ్చి నిలబడేవాళ్లం. అంత దూరాన ఉన్న మా సంగతే అది. ఇక దాని ఒళ్లో కూర్చున్నవాడి చెవులు ఏం కావాలి?

పెళ్లయిన కొత్తలో డ్యూటీ దిగి వచ్చాక ఒక పూట మాత్రం ఆయన చెవులు మందంగా ఉండేవి. తర్వాత తర్వాత అది రోజంతా సాగింది. "చెవుల తుమ్మెద జొచ్చినట్టున్నదే" అనేవాడు. సెలవు పెట్టి మా పుట్టింటికి వెళితే మూడోనాటికి తుమ్మెద ఎగిరిపోయేది. మా అమ్మ చాటలో బియ్యం చెరిగే చప్పుడు కూడా వింటున్నానని మురిసిపోయేవాడు. తిరిగి వచ్చి డ్యూటీ ఎక్కగానే తుమ్మెద తన ఇంటికి తాను వచ్చేసేది.

మా లైను చివర ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనా ఆ ఫ్యాను హౌజులోనే పనిచేసి దిగిపోయాడు. ఇంట్లోవాళ్లు ఆయనతో చేతులతో మాట్లాడేవాళ్లు. మనుమరాలు ఏడుస్తుంటే దాని నోరు చూసి, "ఏడుస్తున్నది, ఎత్తుకోండ్రి" అని చెప్పేవాడు. ఆ పిల్ల గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. మా ఆయన "ఆఁ?" అన్నప్పుడల్లా నా కళ్లకు ఆ ముసలాయన కనబడేవాడు.

అట్లాగని నేనేదో దిగులుతో కుంగిపోయాననుకోకండి. ఆయనకు వినపడకపోవడంలో నాకు ఒక సుఖం ఉండేది. అరవాల్సినవి అరిచి, మిగిలినవి నోట్లో గొణుక్కునేదాన్ని. "ఎద్దు లెక్క తింటడు, తిన్న పళ్లెం తియ్యడు" అని ఆయన ఎదురుగా నిలబడి, మొహం నిండా నవ్వు పెట్టుకుని మరీ అనేదాన్ని. నా పెదాలు కదలడం, నేను నవ్వడం చూసి, ఏదో మంచిమాటే అనుకుని ఆయన కూడా నవ్వేవాడు. మా కాపురం అన్యోన్యంగా ఉందని లైనులో పేరు.

ఆ రోజుల్లో నేను కొత్తగా పనిలో చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో ఊడ్చే పనికి పోయేదాన్ని. బల్లలు తుడవడం, కుండల్లో నీళ్లు నింపడం, గోడల మీద బొమ్మల దుమ్ము దులపడం నా పని. ఆ బొమ్మల కింద ఏమి రాసి ఉందో నాకు తెలియదు. అక్షరాలు నాకు అబ్బింది జుట్టు నెరిశాకే.

ఒకనాడు పట్నం నుంచి ఒక పడుచు ఇంజనీరు సారు వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి, మాట చివర మెత్తగా సాగదీసేవాడు. ఆయనతో పాటు ఒక చెక్కపెట్టె వచ్చింది. పెట్టె తెరిస్తే గడ్డి మధ్యలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నేను చీపురు వదిలేసి వరండా చివర దాకా పరుగెత్తాను.

అది బొమ్మ. నడుము దాకే ఉంది, చేతులు లేవు, తల మీద వెంట్రుక లేదు. ఒళ్లంతా గట్టిగా ఉండి చెవులు మాత్రం మెత్తటి రబ్బరువి, అచ్చం మనిషి చెవుల్లా మడతలు మడతలుగా ఉన్నాయి. ఆ చెవుల రంధ్రాల లోపల చింతగింజంత మైకులు. మెడ కింద నుంచి వైర్లు వచ్చి ఒక డబ్బాలోకి పోతాయి. డబ్బా మీద ముల్లు. చెవిలో ఎంత చప్పుడు పడితే ముల్లు అంత కదులుతుంది. బొమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా, అందరూ తన చుట్టూ తిరుగుతుంటే బిగుసుకుని కూర్చునేది కాబట్టి నేను దానికి అల్లుడు అని పేరు పెట్టాను.

"ఎట్లున్నవ్ అల్లుడా?" అని మొదటి రోజే పలకరించాను. ముల్లు ఒక్క దూకు దూకి డబ్బా అవతలి అంచుకు తగిలింది.

"నెమ్మదమ్మా, నెమ్మది!" అన్నాడు సారు, డబ్బాను రెండు చేతులా పట్టుకుని. "మీటరు పాడైపోతుంది. ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతావా?"

"ఇంట్ల ఇంకొంచెం గట్టిగ మాట్లాడుత సారు" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను ఎందుకట్లా మాట్లాడతానో చెప్పాను. అప్పుడు సారు ఇంకో సంచి విప్పి చూపించాడు. కొబ్బరి చిప్పల్లాంటివి రెండు, లోపల స్పాంజి, రెంటినీ కలుపుతూ తల మీదుగా ఒక రేకు పట్టీ. చెవులకు పెట్టుకునే డొప్పలు. వాటిని బొమ్మకు పెట్టి ఫ్యాను పక్కన కూర్చోబెడతారట. డొప్పలు పెట్టకముందు ముల్లు ఎంత కదిలింది, పెట్టాక ఎంత తగ్గింది అని చూస్తారట. బాగా తగ్గితే ముందుగా ఫ్యాను హౌజు వాళ్లకే డొప్పలు ఇస్తారట.

"మా ఆయినె చెవులు మల్ల మునుపటి లెక్క అయితయా సారు?"

"పోయింది రాదమ్మా. ఉన్నది నిలబడుతుంది."

ఆ మాట నాకు సరిపోయింది. ఉన్నది నిలబడితే చాలు, మా లైను చివరి ముసలాయనలా కాకపోతే చాలు. ఆ రోజు నుంచి అల్లుడికి నేను చేసిన మర్యాద నా సొంత అల్లుడికి కూడా తర్వాత చేయలేదు. పొద్దునా సాయంత్రం దుమ్ము తుడిచేదాన్ని. చొక్కా లేకుండా కూర్చున్నాడని ఒక తువ్వాలు కప్పేదాన్ని. మెడలో ఒక అట్టముక్క వేలాడదీసి, దాని మీద ఏదో రాసి పెట్టారు. అది గనిలో పనివాళ్లకు ఇచ్చే నంబరు టోకెను కాబోలు అనుకుని దాన్ని కూడా తడిగుడ్డతో తళతళలాడించేదాన్ని. ముట్టరాదు అని రాసి ఉందని సారు తర్వాత చెప్పాడు.

నా ప్రేమే కొంప ముంచింది. అల్లుడిని పెట్టిన బీరువాకు తలుపు గట్టిగా పడుతుంది, చీమలు రావు. అందుకని నా జొన్నరొట్టె మూట కూడా అందులోనే, ఆయన పక్కనే పెట్టేదాన్ని. చీమలు రాలేదు. ఎలుక వచ్చింది. బీరువా వెనక పలక ఊడిన సంగతి నాకంటే దానికి బాగా తెలుసు. ఒక శనివారం రొట్టె సగం బీరువాలోనే మరిచి ఇంటికి పోయాను. సోమవారం వచ్చి చూస్తే రొట్టె లేదు. దాంతో ఆకలి తీరనట్టుంది, అల్లుడి ఎడమ చెవి పైభాగమంతా కొరికి పెట్టింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

సారు బీరువా ముందు వంగి, కొరికిన అంచును వేలితో తడిమి చూశాడు. తర్వాత, "ఇది మన దేశంలో దొరకదమ్మా. ఓడలో రావాలి. దసరా అయ్యాక నేను ఈ సామానంతా తీసుకుని వెళ్లిపోవాలి" అన్నాడు.

"మరి డొప్పలు?"

"పరీక్ష కాకపోతే అవీ నాతోనే వెనక్కి."

నేను ఇంకేమీ ఆలోచించలేదు. "చెవు నేను చేస్త సారు" అన్నాను. రవిక కుట్టడం రాని దాన్ని, పేడ ముద్దలు తప్ప ఇంకేమీ గుండ్రంగా చేయని దాన్ని. ఏ ధైర్యంతో అన్నానో ఈ రోజుకీ తెలియదు.

సారు నన్నూ, బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. వేరే దారి లేదు కాబట్టి సరే అన్నాడు. "మెత్తగా ఉండాలి. మడతలు అచ్చం రెండో చెవిలాగే ఉండాలి. చప్పుడు ఆ మడతల మీదుగానే లోపలికి పోతుంది" అని చెప్పి, కుడి చెవిని కూడా బొమ్మ నుంచి ఊడదీసి నమూనాకు ఇచ్చాడు. రెండు చెవులు కొంగున కట్టుకుని ఇంటికి వచ్చాను. దారిలో ఎవరైనా కొంగులో ఏమిటని అడిగితే ఏం చెప్పాలా అని భయపడుతూ నడిచాను.

మా పక్క క్వార్టరులో ఒక ముస్లిం ఆమె ఉండేది, ఆపా అని పిలిచేదాన్ని. మేమిద్దరం ఒకే ఈడువాళ్లం. ఆమె భర్తకు బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం. పాత ట్యూబులు, అతికించే సొల్యూషను ఆమె ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. ఒక ట్యూబు ముక్క అడిగి తెచ్చి, కత్తిరించి, కొరికిన చోట అతికించాను. అతుకు నిలబడింది కానీ చెవి నిలబడలేదు. ట్యూబు పలచన, ముందుకు వాలిపోయింది.

ఆపా నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "అరె బహెన్, ఇది మనిషి చెవా? బక్రీ కాన్ ఉన్నది గద, మేక చెవు! మీ సారుకు చెప్పు, బొమ్మకు గడ్డి కూడ ఎయ్యమని."

"నవ్వకు ఆపా. ఇంకో ట్యూబు ఉన్నదా?"

"ట్యూబు ఉన్నది. నీకు అకల్ ఉన్నదా అని ఫికరైతున్నది నాకు."

తెలివి సంగతి పక్కన పెట్టి, కొరికిన చెవిని వదిలేసి కొత్త చెవే చేద్దామని ట్యూబు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికిస్తూ పోయాను. మందం వచ్చింది. దాన్ని బ్లేడుతో చెక్కి, మడమలు రుద్దుకునే రాయితో నున్నగా రుద్దాను. కుడి చెవిని ఎదురుగా పెట్టుకుని, దానిలో ఎక్కడ గుంట ఉంటే ఇక్కడ గుంట, ఎక్కడ మిట్ట ఉంటే ఇక్కడ మిట్ట. పొయ్యి మీద అన్నం మాడినా లేవలేదు. చివరికి రెండూ పక్కపక్కన పెడితే ఏది అసలో ఏది నకలో నేనే తడుముకున్నాను. గర్వంతో ఆ పూట ఆపాకు కూడా చూపించకుండా నేరుగా సారు దగ్గరికి తీసుకుపోయాను.

సారు చేతిలోకి తీసుకుని, "భలే చేశావమ్మా!" అన్నాడు. బొమ్మ ఎడమ వైపు పెట్టి చూశాడు. తీశాడు. తిప్పి పెట్టి చూశాడు. మళ్లీ తీశాడు. చెవి ఎట్లా పెట్టినా వెనక్కే చూస్తోంది.

"అమ్మా," అన్నాడు నవ్వు బిగపట్టుకుని, "ఇది వెనకనుంచి వచ్చేవాళ్ల మాటలు వినడానికా?"

కుడి చెవిని చూసి చేస్తే వచ్చేది ఇంకో కుడి చెవే అన్న సంగతి, కుడి ఎడమ చెప్పులు రోజూ తొడుక్కునే నాకు తట్టలేదు. దసరా దగ్గరపడింది. ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాను.

ఆపా నేను చెప్పిందంతా గోడ మీదుగా విని, ఈసారి నవ్వలేదు. "నీ ఆద్మీకి లేదా ఎడమ చెవి? దాన్ని చూసి చెయ్యి" అంది.

ఆయన అప్పుడే రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పక్కకు తిరిగి పడుకున్నాడు. ఎడమ చెవి పైకే ఉంది. దాని ముందు కూర్చుని చెక్కుదామంటే ఆయన ఊరికే అటూ ఇటూ దొర్లుతాడు. అచ్చు తీసుకుంటే సరిపోతుంది అనుకున్నాను. చెవి రంధ్రంలో దూది పెట్టి, గోధుమపిండి గట్టిగా కలిపి ముద్ద చేసి మెల్లగా చెవి మీద ఒత్తాను. ఆయన దిగ్గున లేచాడు. చెవికి పిండి ముద్ద వేలాడుతోంది.

"ఏందే గిది! చెవు మీద పూరీలు ఒత్తుతున్నవా?"

"కదలకు! నీ చెవు గావాలె!"

"ఆఁ?"

"నీ చెవు! బొమ్మకు!"

"బొమ్మకు నా చెవేందే?"

అప్పుడు నేను మొత్తం కథ అరిచి చెప్పాల్సి వచ్చింది. "బొమ్మకు చెవు లేకుంటే పరీక్ష గాదు! పరీక్ష గాకుంటే నీకు డొప్పలు రావు! డొప్పలు రాకుంటే రేపు నీ మనుమరాలు ఏడిస్తే నోరు సూసి చెప్తవ్, లైను చివర తాత లెక్క!"

నేను ఆపేసరికి సగం లైను మా వాకిట్లో ఉంది. లైను చివరి ముసలాయన కూడా అందరూ పరుగెత్తడం చూసి వచ్చి నిలబడ్డాడు. తనను ఏమన్నానో ఆయనకు వినపడలేదు. నా వైపు చూసి, బాగున్నావా అన్నట్టు చెయ్యి ఊపాడు. మా ఆయన ఆ ముసలాయనను చూశాడు. కాసేపు అట్లాగే చూశాడు. తర్వాత వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చుని, తల ఒక పక్కకు వంచి, "ఒత్తు" అన్నాడు.

పిండి అచ్చులో కొవ్వొత్తి కరిగించి పోశాను. మైనపు ఎడమ చెవి వచ్చింది. దాన్ని చూసి మళ్లీ ట్యూబు ముక్కలు, సొల్యూషను, బ్లేడు, మడమ రాయి. మా ఆయన చెవి తమ్మెకు చిన్నప్పుడు కుట్టిన చిల్లు ఉంది. అది కూడా పెట్టాను. అవసరం లేదని తెలుసు, కానీ చేయి ఊరుకోలేదు. సారు బొమ్మకు బిగించి, చిటిక వేసి ముల్లు చూసి, "రెండూ సమానంగానే ఉన్నాయి. పండగ వెళ్లగానే పరీక్ష" అన్నాడు. ఆ పూట నేను ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను.

కథ అక్కడితో ముగిస్తే నాకు కాస్త పరువు దక్కేది.

దసరా నాడు గనుల మీద యంత్రాలన్నింటికీ పూజ చేస్తారు. ఫ్యానుకు, మోటార్లకు, లారీలకు, తట్టకు పారకు కూడా పసుపు, కుంకుమ, పూలు. శిక్షణ కేంద్రంలో మిషన్లకు బొట్లు పెట్టే పని నాది. అన్నింటికీ పెట్టి అల్లుడిని ఒక్కడినే ఎట్లా వదిలేస్తాను? నుదుట బొట్టు పెట్టాను. మెడలో అట్టముక్కకు పెట్టాను. కొత్త చెవి కదా, కొత్త వస్తువుకు పసుపు రాయకపోతే దోషం అని తడి పసుపు ముద్దగా చెవికంతా రాశాను. సాయంత్రం అందరూ ఒకరికొకరు జమ్మి ఆకు ఇచ్చుకుని అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటున్నారు. అల్లుడికి చేతులు లేవు. చేతులు లేనివాడికి జమ్మి ఎక్కడ పెట్టాలి? ఆ కొత్త చెవిలోనే దోపాను.

పండగ మర్నాడు సారు వచ్చి, "మావాడికి కూడా పండగ చేశావా" అని నవ్వి, తన చేతిరుమాలుతో బొట్టూ, చెవి మీది పసుపూ తుడిచాడు. పైకి కనబడిన ఆకు రెమ్మ తీసేశాడు. జమ్మి ఆకు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. రెమ్మ మీద సన్నసన్నటి ఆకులు, ముట్టుకుంటే రాలిపోతాయి.

చెవి ఊడితే అతికించడానికి ఉండమని సారు నన్ను కూడా ఫ్యాను హౌజుకు తీసుకుపోయాడు. ఆ పూట మా ఆయనదే డ్యూటీ. తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చున్న అల్లుడిని చూసి అక్కడి వాళ్లంతా మూగారు.

"కొత్త ఖలాసి వచ్చిండే! నిద్ర పోడు, బీడీ అడుగడు!"

"లీవు గూడ అడుగడు. ఇగ మనల ఇంటికి పంపుతరు."

"ఎడమ చెవు మన అన్నదే గద? తమ్మెకు చిల్లు సూడు!"

లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడని హోరు. అక్కడ పనికొచ్చిన గొంతు నాదొక్కటే. సారు నా చెవి దగ్గర చెబితే నేను అందరికీ అరిచి చెప్పాను. ముందు డొప్పలు లేకుండా చూశారు. సారు ముల్లు చూసి మొహం చిట్లించాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. మళ్లీ చూశాడు. బొమ్మను ఎత్తించి బయట చెట్టు కిందికి తెచ్చాడు.

"కుడి చెవి సరిగ్గా వింటోంది. ఎడమ చెవికి సగం కూడా వినబడటం లేదు" అన్నాడు. "మొన్న బాగానే ఉంది. ట్యూబు రబ్బరు కదమ్మా, లోపల ఏదో గట్టిపడినట్టుంది. నీ తప్పేం లేదు. చేయగలిగినంత చేశావు."

సారు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన చుట్టే ప్రతి చుట్టా మా ఆయన చెవి చుట్టూ చుడుతున్నట్టు ఉంది. "సారు, మల్ల చేస్త సారు, ఇంకో చెవు చేస్త" అంటున్నాను. రైలు రేపు పొద్దున్నే అని ఆయన తల అడ్డంగా ఊపాడు.

మా ఆయన వేరేవాడిని ఫ్యాను దగ్గర నిలబెట్టి బయటికి వచ్చాడు. ఏమైందని నన్ను సైగతో అడిగాడు. "బొమ్మకు ఎడమ చెవు ఇనవడ్తలేదట!" అని అరిచాను.

ఆయన అల్లుడి దగ్గరికి వచ్చి, ఇంకో చెవిటివాడిని చూసినట్టే చూశాడు. "గుబిలి వడ్డదేమో సారు" అన్నాడు. "నేను దవాఖానకు పోతె ముందుగాల చెవుల లైటు గొట్టి సూస్తరు. మీరు సూసిండ్రా?"

సారు చేతిలో వైరు చుట్ట ఆగింది. ఎవరో టోపీ లైటు తెచ్చారు. సారు వంగి చూసి, సన్నటి పట్టకారు లోపలికి పెట్టి మెల్లగా లాగాడు. పచ్చటి ముద్ద ఒకటి వచ్చింది. ఎండిన పసుపు, అందులో కూరుకుని సన్నటి ఆకులు.

"ఏంటిది?" అన్నాడు సారు.

అక్కడున్న వాళ్లందరికీ అదేమిటో తెలుసు. అందరి జేబుల్లో నిన్నటి రెమ్మలు ఇంకా ఉన్నాయి. అందరూ ఆకును చూసి, తర్వాత నన్ను చూశారు. నేను ఫ్యాను హౌజు గోడను చూశాను.

"బంగారం సారు" అన్నాడు మా ఆయన. దసరా జమ్మిని మా దగ్గర అట్లాగే అంటారు. "మా ఆమె పెట్టింది. నాకు గూడ ఇంత ప్రేమతోని ఎన్నడు పెట్టలే."

ఆ నవ్వులు ఫ్యాను హోరులో కూడా నాకు వినిపించాయి. సారు కళ్లు తుడుచుకుంటూ వైరు చుట్ట విప్పాడు. అల్లుడిని మళ్లీ లోపలికి తీసుకుపోయారు. ఈసారి రెండు చెవులూ ఒక్క తీరుగా విన్నాయి. డొప్పలు పెట్టగానే ముల్లు వెనక్కి జారింది, జారి అక్కడే నిలిచింది. అప్పటికి నాకు అంకెలు తెలియవు. కానీ ముల్లు వెనక్కి పోవడం అంటే ఏమిటో తెలుసు.

అల్లుడు మర్నాడే గడ్డిలో కూర్చుని రైలెక్కిపోయాడు. మా ఆయన చెవితోనే పోయాడు. పట్నంలో ఆ తమ్మె చిల్లు చూసి ఎవరేమనుకున్నారో తెలియదు.

ఎండలు ముదరకముందే డొప్పలు వచ్చాయి. మొదట్లో పెట్టుకోవడానికి అందరూ సిగ్గుపడ్డారు. చెమటకు చెవులు ఉడుకుతున్నాయన్నారు. మా ఆయన మాత్రం పెట్టుకున్నాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "పెట్టుకోకుంటె ఇంటికాడ చెవు మీద పూరీలు ఒత్తుతది" అనేవాడట. పోయిన వినికిడి పోయిందే. పిచ్చుక కూత లాంటి సన్నటి చప్పుళ్లు కొన్ని మళ్లీ రాలేదు. కానీ తుమ్మెద మెల్లమెల్లగా రావడం తగ్గించింది. నేను మాత్రం అలవాటు మానలేక అరుస్తూనే ఉన్నాను, కూర సంగతి ఎదురు లైనువాళ్లు చెబుతూనే ఉన్నారు.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన తిని లేచి, గుమ్మంలో అద్దం ముందు కూర్చుని, నాకు వీపు పెట్టి మొహానికి సబ్బు రాసుకుంటున్నాడు. పళ్లెం పీట దగ్గరే ఉంది. నేను వంగి దాన్ని తీస్తూ, ఎప్పటిలాగే పెదాల మధ్యే అనుకున్నాను. "ఎద్దు లెక్క తింటడు, తిన్న పళ్లెం తియ్యడు."

"మొన్న దున్న అన్నవ్" అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండానే. "ఇయ్యాల ఎద్దు అంటున్నవ్. ఏదో ఒకటి ఖాయం చెయ్యి."

పళ్లెం నా చేతిలోంచి జారి నేల మీద గిరగిరా తిరిగింది. మొన్న నిజంగానే దున్న అన్నాను. అంతకు ముందు రోజు ఇంకా ఏమేమి అన్నానో ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఈ చెవుల కోసమే కదా నేను మేక చెవీ, వెనక చెవీ చేసి ఊరందరి నోట్లో పడింది!

"ఎన్ని దినాల సంది ఇనవడుతున్నదయ్యా నీకు?" అని అడిగాను, మెల్లగానే.

ఆయన అద్దంలోంచి నావైపు చూశాడు. సబ్బు నురుగు మధ్య పెదాలు కాస్త వంకర తిరిగాయి.

"ఆఁ?" అన్నాడు.